మైకులో మిగిలిన వాయిస్

ఈమధ్య మా వీధిలోకి పొద్దున్నే ఉప్పూ చీపుళ్ళూ అమ్మే ఆటో ఒకటి వస్తోంది. నడిపే మనిషి నోరు మెదపడు. పైన కట్టిన చిన్న డబ్బాలోంచి మాత్రం ఎవరిదో రికార్డు చేసిన గొంతు, రాళ్ళుప్పు, కొండచీపుళ్ళు అంటూ, ఇళ్ళలో ఎవరున్నా లేకపోయినా వీధి చివరిదాకా అరుచుకుంటూ పోతుంది. మొన్నొకనాడు ఉండబట్టలేక ఆ గొంతు నీదేనా అని అడిగాను. కాదండీ, మా అన్నది, పోయాడు, గొంతు బాగుందని ఉంచేశాం అన్నాడతను, చీపురుకట్ట దులుపుతూ. లోపలికొచ్చాక కాఫీ కూడా సయించలేదు. నా ఈడువాళ్ళకైతే ఈ గుబులు తెలుస్తుంది కదా అని ఇలా రాయడానికి కూర్చున్నాను.

రెండువేల పది దాటిన కొత్తలో నేను శ్రీకాకుళంలో కాలేజీ లాబు ఉద్యోగంనుంచి రిటైరయ్యాను. అంతకు కొంచెం ముందే మా ఆవిడ పోయింది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్ళిపోతే పగలంతా ఇల్లు బావురుమనేది, ఆ బావురుమనడం భరించలేక పాత స్పీకర్లు బాగుచెయ్యడం మొదలుపెట్టాను. బొబ్బిలిలోనూ పాతపట్నంలోనూ పాతసామాను కొట్లు గాలించి, వాల్వు రేడియోల్లోంచి ఊడదీసినవీ, మూతబడ్డ సినిమాహాళ్ళలోంచి వచ్చినవీ పోగేసి, చిరిగిన అట్టకోన్లకు గాలిపటం కాగితం అతికి వరండాలో ఆరబెట్టేవాణ్ణి. ఏళ్ళ తరబడి మూగగా పడున్న స్పీకరుకు తీగలు తగిలించినప్పుడు, పాట రావడానికి ముందు ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు చిన్న గురగుర వస్తుంది. ఎన్నిసార్లు విన్నా నాకు అదంటే భయమూ, ఇష్టమూ కూడా. అలా ఎవరెవరి గొంతులో ఇంటినిండా నింపుకున్నాను కానీ, అన్నిట్లోనూ నేను వెతికింది ఒక్క గొంతునే, అది ఎందులోనూ ఉండదని తెలిసి తెలిసీ.

ఆ రోజుల్లో మా వీధికి చేపలు తెచ్చే మనిషి ఒకామె ఉండేది. శ్రీకూర్మం అవతల సముద్రపొడ్డు ఊరు ఆమెది. బేరంలో ఎంత గయ్యాళో, బేరం తెగాక అంత ఆప్తురాలు, మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ తనతో గుమ్మంలో కూర్చుని గంటలు గంటలు కబుర్లు చెప్పేది. ఒక ఏడాది కొన్ని నెలలపాటు కనబడకుండా పోయి, ఒకనాడు మధ్యాహ్నం తలమీద అదే గంపతో వచ్చింది. గంపలో చేపలు లేవు, సొట్టలు పడిన పాత బాకా మైకు ఉంది. మా వైపు మాట్లాడేదాన్నీ మైకే అంటారు, అరిచేదాన్నీ మైకే అంటారు లెండి.

ఆ మైకు ఆమె మామగారి కాలంనాటిది. వాతావరణం మారుతోందని తెలియగానే ఆమె భర్త ఒడ్డున నిలబడి, వేటకెళ్ళినవాళ్ళను ఒక్కొక్కరినీ పేరుపెట్టి అందులో పిలిచేవాడట. చీకట్లో ఒడ్డు ఎటో తెలియనివాళ్ళు ఆ పిలుపును పట్టుకునే తెప్పలు తిప్పుకునేవారట. ఒకరోజు ఆయనే వేటకు వెళ్ళాడు, ఆనాడే గాలి తిరిగింది. ఒడ్డునున్నవాళ్ళు మైకు పెట్టబోతే అది పలకలేదు. మిగతావాళ్ళు ఎలాగో చేరారు, ఆయన చేరలేదు, శవమూ దొరకలేదు. ఇక ఆశ లేదు, గడ్డిబొమ్మ చేసి కర్మ జరిపించేద్దామని కులపెద్దలు నిర్ణయించారు. ఈమె మాత్రం ఒప్పుకోలేదు. అందరినీ పిలిచిన మనిషిని ఎవరూ పిలవలేదని ఆమె బాధ. ఒక్కసారి అదే మైకులో పిలుస్తాను, రాకపోతే అప్పుడు బొట్టు తీస్తాను అని పెద్దలకు చెప్పి వచ్చింది.

నేను అక్కడికక్కడే బాకా వెనక యూనిట్టు విప్పి, మీటరు పెట్టి చూసి, వాయిస్ కాయిల్ పోయింది, తీసేసి కొత్తది వేస్తాను అన్నాను నా ధోరణిలో. ఆమె చప్పున బాకాను ఒళ్ళోకి లాక్కుంది. ఆమె కూతురి సెల్లులో వాయిస్ అని ఒకటుంటుంది, అది నొక్కితే మనవడి మాటలు వినబడతాయి, అంచేత వాయిస్ అంటే ఏమిటో ఆమెకు తెలుసు.

“వాయిస్సు తీసేత్తే ఇంకేటి మిగుల్తాది బాబూ? మావ ఇన్నేళ్ళు మాటాడిందంతా అందులోనే గదా ఉన్నాది.”

మావ అని ఆమె అనేది భర్తను. అందులో మాటలేవీ ఉండవు, వట్టి తీగచుట్ట అని, నాకున్న లాబు పరిజ్ఞానమంతా ఉపయోగించి చెప్పాను. విసుగు కూడా పడ్డాను. ఆమె అంతా విని, “తీగే, నాను కాదన్నానా? కొత్త తీగెడితే అది ఎవల వాయిస్సు? ఎవలో పిలస్తన్నారనుకుని మావ తిరిగి సూడడు” అంది.

పాతది పలకదు, కొత్తదాన్ని ఆమె ఒప్పుకోదు. యూనిట్టు నా దగ్గర వదిలి వెళ్ళమని, భూతద్దం పెట్టి చుట్టనంతా వెతికితే, ఉప్పుగాలి తినేసి తీగ కొస దగ్గర తెగినట్టు కనబడింది. వెంట్రుకకంటే సన్నని ఆ తీగను కొస దగ్గర కాస్త విప్పి, పచ్చబడ్డ భాగం కత్తిరించి, మిగిలినదానికి టంకం పెట్టాను. అది ఎన్నిసార్లు ఊడిందో! చివరికి పలికింది, నీరసంగా. వాయిస్సు పాతదేనని చెప్పినప్పుడు ఆమె నవ్విన నవ్వు చూసి, గట్టిగా పెడితే మళ్ళీ పోతుందని హెచ్చరించడానికి నోరు రాకపోయినా, చెప్పాలి కనుక చెప్పాను. నేనూ వస్తానని వెంట వెళ్ళాను.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే ఒడ్డున గెడకు బాకా కట్టి, బ్యాటరీ తగిలించారు. ఊరంతా వచ్చింది. ఆమె చేతిమైకు పట్టుకుని “మావా” అనబోయింది. భర్త అన్నగారు, పెద్దాయన, మెల్లగా అడ్డు తగిలాడు.

“మావా అంటే ఎవడు పలుకుతాడమ్మా? ఆ నీటిలో ఉన్నోలందరూ ఎవలికో ఒకలికి మావలే గదా. పేరెట్టి పిలు.”

ఆమె నిలువునా బిగుసుకుపోయింది. పెళ్ళయిన నాటినుంచి ఆ పేరు ఆమె నోటితో అనలేదు, మాలో మాత్రం ఏ ఆడవాళ్ళన్నారు గనక! కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని, ఆఖరికి పిలిచింది. ముందు ఆ గురగుర వచ్చింది, తర్వాత ఆ పేరు సముద్రంమీదికి వెళ్ళింది. ఆ పేరు నేనిక్కడ రాయను. రెండోసారి పేరు సగంలో ఉండగా మైకు ఆగిపోయింది. నేను తీగల దగ్గరికి పరిగెత్తబోతే ఆమె చెయ్యి అడ్డంపెట్టింది.

“ఒగ్గీ బాబూ. ఇన్నాడు. మావ వాయిస్సు మావే అట్టుకెల్లిపోనాడు.”

అని ఇసకలో కూలబడి, నెలల ఏడుపంతా ఏడ్చింది. కర్మ జరిగిపోయింది. కొన్నాళ్ళకు మళ్ళీ చేపలగంపతో మా వీధికి రావడం మొదలుపెట్టింది. మైకు తనకు అక్కర్లేదంటే నేనే తెచ్చుకున్నాను. ఆ యూనిట్టు ఇప్పటికీ విప్పలేదు. టంకం ఊడి ఉంటే నా పనితనం అంతేనని సరిపెట్టుకుంటాను, ఊడి ఉండకపోతే మాత్రం ఆమె మాటే నిజమైనట్టు, ఇక ఆ వరండాలో ఒంటరిగా కూర్చోవడం నావల్ల కాదు.

ఇప్పుడు తీరంలో మైకులు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, హెచ్చరికలు ఫోన్లకే వస్తున్నాయి, ప్రాణాలు దక్కుతున్నాయి, మంచిదే. మా కోడలైతే వంటింట్లోంచి మా వాణ్ణి పేరుపెట్టి కేకేస్తుంది. మొదట్లో చెవికి ఎబ్బెట్టుగా ఉండేది, ఇప్పుడు చదువుతున్న పేపరు దించి మరీ వింటాను. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ నన్ను ఏమండీ అనే పిలిచింది. ఆ ఏమండీలు అన్నీ, కోపంవీ, గారాబంవీ, జ్వరంలోవీ, నాకు గుర్తున్నాయి. నా పేరు ఆ గొంతులో ఎలా ఉండేదో మాత్రం నాకు తెలియదు.