ఉప్పల్ చెరువు కట్ట మీద అత్తమ్మ పేరు

ముందుగా మన్నించండి. నేను ఆరో తరగతి వరకే చదివాను. నా అక్షరాలు వంకర, ఒత్తులు తప్పుతాయి. కాగితం మీద రాసి ఇస్తే మా పెద్ద ఆడపడుచు సరిచేసి తన బ్లాగులో పెడుతోంది. సద్దుల బతుకమ్మ రోజు ఉప్పల్ చెరువుకు వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. మా అత్తమ్మ జనగామ వైపు పల్లె నుంచి వారం కిందటే మా ఇంటికి వచ్చింది. పట్నం బతుకమ్మ చూస్తానంటే, ఇంట్లో పేర్చిన బతుకమ్మను పట్టుకుని ఇద్దరం బయలుదేరాం.

సాయంత్రం నాలుగున్నరకు నాచారంలో హబ్సిగూడ వెళ్లే షేర్ ఆటో ఎక్కాం. మనిషికి ఇరవై రూపాయలు. "బతుకమ్మకు సుత పైసలు గావాల్నా బిడ్డా?" అని అడిగింది అత్తమ్మ. "ఒళ్లె వెట్టుకుంటె ఫ్రీ అమ్మా. సీట్ల కూసోవెడితే ఇరవై" అన్నాడు డ్రైవర్. హబ్సిగూడ నుంచి సిటీ బస్సులో ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు డబ్బులు అక్కర్లేదు. ఐదున్నరకల్లా చెరువు కట్ట మీద ఉన్నాం.

"తప్పిపోతే నేను ఫోన్ జేస్త, పచ్చ బటన్ ఒత్తు" అని అత్తమ్మకు చెప్పాను. నేను చేసిన తప్పు అదే. బతుకమ్మలను నీళ్లలో వదిలే వేళకు తోపులాటలో చెయ్యి జారిపోయింది. పదిసార్లు ఫోన్ చేశాను, ఒక్కసారీ కలవలేదు. ఆమెకు షుగర్. గోలీలు, రొట్టె నా సంచిలోనే ఉన్నాయి. మా ఇంటి అడ్రసు కూడా ఆమెకు తెలియదు.

కట్ట కింద నీలం గుడారంలో ఒక మహిళా కానిస్టేబుల్ ఉంది. "గింత మందికి ఒక్క టవర్ ఏం సరిపోతది చెల్లె? అందరు ఒక్కసారే జేస్తే ఆ తరంగాలల్ల జాగ ఉండదు. మా సెట్టుది వేరే దారి" అంటూ వైర్‌లెస్‌లో అత్తమ్మ ఆనవాళ్లు చెప్పింది. "ఆకుపచ్చ చీరలు ఈడ రెండొందలున్నయి మేడం" అని జవాబొచ్చింది.

పక్కన వాలంటీరు మైకులో అరుస్తున్నాడు. ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఎందుకో నాకు తెలుసు. నాచారంలో మైకు హారన్లు తయారుచేసే షెడ్డులో నేను తీగ చుడతాను. కొత్తవాళ్ల ముందు నాకు గొంతు పెగలదు గానీ, హారన్ల సంగతి వేరు.

"అన్నా, రెండు హారన్లు ఎదురెదురుగ వెట్టిన్రు. ఒకదాని మాట ఇంకోటి తింటది. ఒకటి కట్ట దిక్కు తిప్పున్రి."

"నీకెట్ల దెలుసు?"

"నేను జేసేదే గవి అన్నా."

అతను ఒకటి తిప్పి, మైకు నా చేతిలో పెట్టాడు. "అయితే నువ్వే మాట్లాడు."

"అత్తమ్మా" అన్నాను. కట్ట మీద వంద తలలు తిరిగాయి. కానిస్టేబుల్ నవ్వింది. "ఈడ అందరు ఎవరికో ఒకరికి అత్తమ్మలే. పేరు జెప్పు."

మా ఇళ్లలో కోడలు అత్త పేరు పలకదు. పెళ్లయిన నాలుగేళ్లలో నేనెప్పుడూ పలకలేదు. సంచిలో గోలీల పొట్లం చేతికి తగిలింది. మైకును నోటికి జానెడు దూరంలో పట్టుకుని, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ, ఆమె పేరు, ఊరు, గుడారం రంగు మూడుసార్లు చెప్పాను.

కాసేపటికి సెట్టు పలికింది. "మీ పెద్దమ్మ దొరికింది మేడం. చెయ్యి పట్టుకొస్తనంటే వద్దని తనే నడుస్తున్నది."

రొట్టె తింటూ అత్తమ్మ అంది: "ఊరందరి ముంగట పేరు వెట్టి పిల్సినవ్."

"తప్పయింది అత్తమ్మా."

"తప్పేంది? మీ మామ పోయినంక ఆ పేరు ఎవ్వరు పిలువలే. మొదాలు ఇంకెవరో అనుకున్న. మూడోసారికి, అరే నేనే గదా అని లేసిన."

షెడ్డులో ఇన్నాళ్లుగా తీగ చుడుతున్నాను. ఆ హారన్లలోంచి ఎవరి గొంతు వెళ్తుందో ఎప్పుడూ అనుకోలేదు. ఆ సాయంత్రం నాదే వెళ్లింది, చేరాల్సిన చోటికి చేరింది. మీరు వెళ్తే ఫోన్‌ను నమ్ముకోకండి. కట్ట ఎక్కకముందే ఆ గుడారం చూపించి, విడిపోతే ఇక్కడికే రావాలని చెప్పుకోండి.

నేను రాసిచ్చిన కాగితంలో అత్తమ్మ పేరు ఉంది. ఇక్కడ తీసెయ్యమన్నాను. వదినా, టైపు చేశాక ఆ కాగితం కాల్చెయ్యి. ఆ పేరు కాగితం మీద పడి ఉండొద్దు. నేను నోటితోనే పిలుస్తాను, అత్తమ్మ అడిగినప్పుడు.