ఎర్రసిరా టీచరమ్మ ఆపిన జవాబు

ఆ బడిలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. పిల్లలకీ, వాళ్ల అమ్మానాన్నలకీ, ఆఖరికి గేటు దగ్గర కాపలా తాతకీ ఆవిడ ఎర్రసిరా టీచరమ్మే. ఇరవై ఆరేళ్లుగా ఆరో తరగతికి భాష చెబుతోంది. ఆవిడ చేతికి వెళ్లిన నోటుపుస్తకం వెళ్లినట్టు తిరిగొచ్చిన దాఖలా లేదు. సెలవు చీటీ ఇస్తే సెలవిస్తుంది, కాకపోతే ముందు చీటీ దిద్దుతుంది. ఒకసారి హెడ్మాస్టరు గారు పంపిన నోటీసునే దిద్ది వెనక్కి పంపిందంటే ఇక మిగతావాళ్ల సంగతి చెప్పేదేముంది!

ఊరికే పుట్టుకొచ్చిన చాదస్తం కాదది. ఆవిడ నాన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. ఎవరిదో పెళ్లి కార్డులో ఒకసారి తేదీ తప్పు పడింది. కార్డులన్నీ పంచేశాక గానీ ఆ సంగతి బయటపడలేదు. యజమాని పదిమందిలో నానా మాటలూ అని, రేపట్నుంచి రావొద్దన్నాడు. నాన్న ఇంటికొచ్చి చొక్కా అయినా విప్పకుండా మంచం మీద కూర్చుని, ఎనిమిదేళ్ల కూతుర్ని దగ్గరికి పిలిచాడు.

"అచ్చు పడకముందే చూసుకోవాలమ్మా. పడ్డాక మన చేతుల్లో ఏమీ ఉండదు."

ఆ మాట ఆవిడ మనసులో అలా నాటుకుపోయింది. పెళ్లయినా, పిల్లలు పెద్దవాళ్లయినా, జుట్టు నెరిసినా వదల్లేదు.

అలాంటి మనిషి చేతికి బ్లాగు వచ్చింది. తెచ్చింది కంప్యూటర్ సారు. ఆవిడకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు, నోరారా అక్కా అని పిలుస్తాడు. పిల్లలు రాసింది కంప్యూటర్లో పెడితే ఎక్కడెక్కడి పిల్లలో చదువుతారనీ, కింద వాళ్ల మాట వాళ్లూ రాస్తారనీ, మనవాళ్లకి రాయాలన్న ఆశ పుడుతుందనీ నెల రోజులు చెవినిల్లు కట్టుకుని పోరితే ఆవిడ సరేనంది. అక్కడితో ఊరుకుంటే ఎర్రసిరా టీచరమ్మ ఎందుకవుతుంది? పిల్లలు ముందు నోటుపుస్తకంలో రాయాలి. ఆవిడ దిద్దాలి. సాపు రాయాలి. మళ్లీ చూడాలి. అంతా కుదిరితేనే టైపు చేయాలి. బయటివాళ్లు రాసే కామెంట్లు కూడా ఆవిడ సరే అని నొక్కేదాకా ఎవరికీ కనిపించకూడదు. వాటిని శనివారం శనివారం తెరిచి చూస్తుంది. "ఇది అచ్చు కాదక్కా, పెట్టాక కూడా ఎప్పుడు కావాలంటే అప్పుడు దిద్దుకోవచ్చు" అని కంప్యూటర్ సారు చెప్పీ చెప్పీ అలిసిపోయాడు. ఆవిడ వినేది, తలూపేది, నమ్మేది మాత్రం కాదు. నలుగురి కళ్లా పడ్డాక దిద్దుకోవడమేమిటి, విడ్డూరం కాకపోతే!

ఈ బ్లాగుకి జత కుదిరిన అవతలి తరగతి చాలా దూరాన ఉంది. ఓ పెద్దాసుపత్రిలో పిల్లల వార్డు పక్కన చిన్న గది. నెలల తరబడి మంచం దిగలేని పిల్లలకి అక్కడే చదువు. వార్డు టీచరు కంప్యూటర్ని చక్రాల బల్ల మీద పెట్టి మంచం మంచం దగ్గరికీ తోసుకెళ్తుందట. సొంత పేర్లు రాయకూడదని రెండు తరగతుల వాళ్లూ అనుకున్నారు కాబట్టి ఎవరికి వాళ్లు ఓ పేరు పెట్టుకున్నారు. అక్కడ ఓ అమ్మాయి కిటికీ అని పెట్టుకుంది. ఇక్కడ ఓ అమ్మాయి చివరిబెంచీ అని పెట్టుకుంది.

ఈ చివరిబెంచీ తరగతిలో నోరు విప్పగా ఎవరూ వినలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, అంతే. అలాంటి పిల్ల కిటికీతో ఉత్తరాలు మొదలయ్యాక బుధవారం వస్తే చాలు, గంట కొట్టకముందే కంప్యూటర్ల గది గుమ్మం దగ్గర నిలబడేది. ఇద్దరికీ ఎలా కుదిరిందో కుదిరింది. ఆ పిల్ల తన కిటికీలోంచి కనిపించే గోడ గురించీ, దాని మీద తిరిగే పిల్లి గురించీ రాస్తే, ఈ పిల్ల తన బల్ల కింద ఎవరో చెక్కిన బొమ్మల గురించి రాసేది.

ఒక శనివారం కిటికీ అడిగిన ప్రశ్న వచ్చింది. నాలుగేళ్లుగా ఆ పిల్ల బడి మొహం చూడలేదట. 'ఇంటి గంట కొట్టాక అందరూ కలిసి మెట్లు దిగుతారు కదా, అదెలా ఉంటుంది? ఉన్నదున్నట్టు రాయి' అని అడిగింది. చివరిబెంచీ సోమవారం అది చదివి మంగళవారం పొద్దున్నే నోటుపుస్తకం తెచ్చి టీచరమ్మ బల్ల మీద పెట్టింది. ఐదే ఐదు వాక్యాలు.

'మా మెట్లు ఇరవై రెండు. అందరం ఒక్కసారే దిగితే గోడలు కూడా మోగుతాయి. ఆఖరి మెట్టు ఎవరూ దిగరు, దూకుతారు. నేనూ దూకుతాను. నువ్వొస్తే నీ సంచి నేను మోస్తాను, నువ్వు దూకుదువుగాని.'

టీచరమ్మ గురువారం దిద్ది ఇచ్చింది. 'మరీ చిన్నది. మొదలు లేదు, ముగింపు లేదు' అని పక్కన రాసింది. ఆఖరి వాక్యం కొట్టేసి, 'అడిగినదానికి సంబంధం లేదు' అంది. పిల్ల శుక్రవారం ఒకటిన్నర పేజీ రాసుకొచ్చింది. ఆ శనివారం పైఅధికారులు బడి చూడ్డానికొచ్చారు. ఆ హడావిడిలో టీచరమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది, కామెంట్లు తెరవలేదు. రెండోసారి రాసింది మళ్లీ మంగళవారానికి గానీ దిద్దలేదు. పిల్ల రోజూ బల్ల దగ్గరికొచ్చి, వినీ వినపడకుండా, "వెళ్లిందా టీచర్?" అని అడిగేది. సాపు బాగా కుదిరాక వెళ్తుందని ఆవిడ చెప్పేది. తిట్టలేదు, కసురుకోలేదు. పిల్ల మంచి కోరే చెప్పింది, అందులో అనుమానం లేదు.

శుక్రవారం మూడో సాపు వచ్చింది. 'బడి జీవితంలో మెట్లకు విశిష్ట స్థానం ఉంది' అని మొదలైంది. ఒక్క తప్పు లేదు. టీచరమ్మ మురిసిపోయి చివర 'చాలా బాగుంది' అని రాసింది. ఏడాది మొత్తం మీద ఆవిడ ఆ మాట రాసింది అదొక్కసారే.

శనివారం మధ్యాహ్నం ఆ నోటుపుస్తకం పట్టుకుని, తనే టైపు చేసి పెడదామని కంప్యూటర్ల గదికి వెళ్లింది. రెండు వారాల కామెంట్లు పోగుపడి ఉన్నాయి. ముందు అవి చూద్దామనుకుంది.

మొదటిది కిటికీ రాసింది. 'చివరిబెంచీ, నా ప్రశ్న అందిందా? తొందరేం లేదులే.'

రెండోది నాలుగు రోజుల తర్వాతది. 'నీకు కోపమొచ్చిందా? మెట్ల గురించి అడక్కూడదేమో, నాకు తెలీదు. ఇంకేదైనా రాయి. ఏం రాసినా ఫరవాలేదు.'

మూడోది బుధవారం రాసింది. 'రేపు నన్ను వేరే గదిలోకి మారుస్తారట. అక్కడికి చక్రాల బల్ల రాదు. నువ్వు రాస్తే మా టీచర్ కాగితం మీద రాసుకొచ్చి చదువుతానన్నారు. ఒక్క ముక్కైనా చాలు.'

నాలుగోది వార్డు టీచరు రాసింది. కిటికీ గురువారం తెల్లవారుజామున పోయింది. మీ అమ్మాయికి మీరే మెల్లగా చెప్పండి, ఎదురుచూసిందని మాత్రం చెప్పకండి, అని రాసింది.

టీచరమ్మ ఆ నాలుగోది మళ్లీ పైకి చదివింది. పక్క బల్ల దగ్గర పనిచేసుకుంటున్న కంప్యూటర్ సారు, ఏమైందక్కా అని లేచొచ్చి, తెర చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆవిడ నోటుపుస్తకంలో పేజీలు వెనక్కి తిప్పింది. తన ఎర్రసిరా కింద ఆ ఐదు వాక్యాలూ వెతుక్కుని చదవాల్సి వచ్చింది. కొట్టేసిన వాక్యం దగ్గరికొచ్చేసరికి ఏడుపు ఆగలేదు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, ఆ ఐదు వాక్యాలే, ఉన్నవి ఉన్నట్టు టైపు చేసి నొక్కింది. దానికి పట్టింది రెండే నిమిషాలు.

సోమవారం పొద్దున ప్రార్థన కాగానే చివరిబెంచీని స్టాఫ్ గదిలోకి తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టుకుంది. కిటికీ చనిపోయిందని చెప్పింది. పిల్ల తన గోళ్లు చూసుకుంటూ అడిగింది.

"నేను రాసింది చదివిందా టీచర్?"

చదివిందమ్మా అనేస్తే అయిపోయేది. ఎవరడగబోతారు? కానీ ముప్పై ఐదు మంది పిల్లల రాతల్లో ఒక్క తప్పు ఉండనివ్వని మనిషికి ఆ అబద్ధం నోట్లోంచి రాలేదు.

"లేదమ్మా. నేను పంపలేదు. తప్పు నాది."

పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదని టీచరమ్మ ఆ తర్వాత కంప్యూటర్ సారుతో అంది. లేచి, కుర్చీ చప్పుడు కాకుండా లోపలికి జరిపి, తరగతికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఇంటి గంట కొట్టినప్పుడు టీచరమ్మ పైన వరండాలో నిలబడి చూసింది. పిల్లలంతా గోలగోలగా దిగి ఆఖరి మెట్టు దూకారు. అందరూ వెళ్లాక చివరిబెంచీ ఒక్కతే గోడ పట్టుకుని దిగింది. ఆఖరి మెట్టు కూడా దిగింది.

బుధవారం కంప్యూటర్ల గదిలో టీచరమ్మ అందరికీ చెప్పింది. ఇకనుంచి ఎవరు రాసింది వాళ్లు రాసినట్టే పెట్టేయొచ్చు, తప్పులుంటే తర్వాత కూర్చుని దిద్దుకుందాం, అంది. పిల్లలు ఎగిరి గంతేశారు. ఆ గోల సద్దుమణిగాక వెనక వరసలో చివరిబెంచీ లేచి నిలబడింది. అందరి ముందూ ఆ పిల్ల నోరు విప్పడం అదే మొదలు. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"అయితే నేను మొదట రాసింది అప్పుడే పెట్టేయొచ్చా టీచర్?"

టీచరమ్మ వెనక వరస దాకా నడిచి ఆ పిల్ల పక్కన నిలబడింది.

"పెట్టేయొచ్చమ్మా. ఆ మంగళవారమే పెట్టేయొచ్చు."

పిల్ల తలూపి కూర్చుంది. ఆ రోజు బ్లాగులోకి ముప్పై ఐదు మందిలో ముప్పై నాలుగు మంది రాసినవి ఎక్కాయి.