పరజలు వెళ్లాకే సెలవు

బహ్రెయిన్‌లో నా వీసా మీద రాసి ఉన్న పని డ్రైవరు. చలికాలం వచ్చిందంటే మాత్రం నా అసలు డ్యూటీ గాలిని చూడటం. మా కఫీల్‌కు, అంటే నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమానికి, బాతుల వేటంటే పిచ్చి. తెల్లవారగానే కారేసుకుని కర్జకాన్ సముద్రపు ఒడ్డుకు వెళ్లి, గాలి ఎటునుంచి వీస్తోందో, బాతులు ఎక్కడ వాలాయో చూసి రావాలి. నేను గుమ్మంలో కాలు పెట్టకముందే అడిగేవాడు, "హవా కిధర్, భాయ్?"

ఈ పని నాకు నేనే తగిలించుకున్నాను. మాది కొల్లేటి లంక. మా నాన్న వలలు వేసి పరజ పిట్టలు పట్టేవాడు. పరజలంటే చలికాలంలో ఎక్కడినుంచో వచ్చి వాలే బాతులే. బహ్రెయిన్‌కు వెళ్లిన కొత్తలో ఒడ్డున వాటిని చూడగానే నోరు ఊరుకోక, "ఇవి మా ఊరికీ వస్తాయి బాబా, ఉత్తరపు గాలి ముదిరితే ఒడ్డు వారకు చేరతాయి," అని కఫీల్‌తో అన్నాను. అంతే, దొరికిపోయాను. ఆ గాలిని అక్కడ శమాల్ అంటారు. అది గట్టిగా వీస్తే బాతులు నడి నీళ్లలో నిలవలేక ఒడ్డు పక్కకు వచ్చేస్తాయి. ఆ రోజు కఫీల్ మొహం వెలిగిపోయేది.

చిక్కల్లా నా సెలవుతోనే. ఏడాదికి ఒక్కసారే సెలవు, అదీ వేట కాలం అయ్యాకే. "బాతులు ఖలాస్, అప్పుడు నువ్వు యల్లా," అనేవాడు, అవి పోయాకే నువ్వు బయల్దేరు అని. బాతులు పోయేసరికి ఎండలు ముదిరేవి. నేను ఇల్లు చేరేసరికి కొల్లేరు సగం ఎండిపోయి, ఒక్క పరజ కూడా ఉండేది కాదు. నేను వెళ్లాక పుట్టిన నా కూతురికి నేను ఉక్కబోతతో, మామిడిపళ్లతో పాటు వచ్చే మనిషిని.

శుక్రవారాలు మా ఊరి టెలిఫోన్ బూత్‌కు ఫోన్ చేసేవాణ్ణి.

"నాన్నా, పరజలొచ్చేసినయ్!"

"ఇక్కడికీ వచ్చాయమ్మా."

"మరి అయ్యి వచ్చినయ్‌గా, నువ్వు రావేంటి?"

వాటికి కఫీల్ లేడు, బీరువాలో పెట్టి తాళం వేసే పాస్‌పోర్టూ లేదు. ఒడ్డున ఆ బాతుల్ని చూస్తే ఒళ్లు మండేది. అయినా చూస్తూనే నిలబడేవాణ్ణి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మా పిల్లను దోనెలో కూర్చోబెట్టుకుని పరజల్ని నా చేత్తో చూపించాలని ఉండేది. నాకు వేరే కోరికలు లేవని కాదు, అంత పెద్దది మాత్రం లేదు.

ఒక ఏడు చలి మొదలయ్యేసరికి కఫీల్‌కు మోకాళ్లు పట్టేశాయి. పడవలో కూర్చోలేడు. ఉదయం నేను గాలి సంగతి చెప్పబోతుంటే చెయ్యి ఊపి ఆపేశాడు.

"ఈసారి షికార్ ఖలాస్. పాస్‌పోర్ట్ తీసుకో, ఘర్ జావ్."

పరుగున వెళ్లి సామాన్ సర్దుకున్నాను. ఆయన మీద జాలి పడాలన్న సంగతి విమానంలో గుర్తొచ్చింది.

ఇల్లు చేరిన మర్నాడే పిల్లను దోనెలో కూర్చోబెట్టుకుని నీళ్లలో రెల్లులా పెరిగే కిక్కిస తుప్పల దాకా తీసుకెళ్లాను. నీళ్లు కనిపించనన్ని పరజలు. "అదుగో, చూడమ్మా," అన్నాను. అది వాటిని రోజూ చూస్తూనే ఉంది. అందుకని నన్ను చూస్తోంది. నా చొక్కా పట్టుకుని అడిగింది.

"నాన్నా, ఇప్పుడే వచ్చేశావుగా. మరి మామిడిపళ్లప్పుడు రావా?"

గాలి ఎటుందో చూస్తున్నట్టు మొహం పక్కకు తిప్పుకున్నాను.