వయ్యారిభామ పూసిన దారుల్లో మా అత్త

పోయిన వారం తెలకపల్లి నుంచి ఫోన్ వచ్చింది. మా మేనత్త నిద్రలోనే పోయిందన్నారు. ఊళ్లో ఆమెను అందరూ నర్సమ్మ అనేవారు. చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు టీకాలు వేయడం, బాలింతలను చూసిరావడం ఆమె ఉద్యోగం. రిటైరయ్యాక కూడా ఆ పిలుపు మారలేదు.

అత్త అనగానే నాకు ఆమె ఎర్రటి కళ్లు గుర్తొస్తాయి. వానలు పడి దారి పక్కన వయ్యారిభామ మొక్క తెల్లగా పూసిందంటే ఆమెకు తుమ్ములు మొదలయ్యేవి, కళ్లు దురద పెట్టేవి. టీకాల డబ్బా భుజాన వేసుకుని ఆ దారుల్లోనే నడవాలి. కొంగుతో కళ్లు నలుపుకుంటూ, "నాకూ దీనికీ ఏం పంచాయితో!" అని నవ్వేది. మందుల షాపువాడిచ్చిన చుక్కలు వేసుకుంటే దురద ఇట్టే తగ్గేది. ఏటా ఆ సీసా ఆమె సంచిలో ఉండాల్సిందే.

అత్తకు యాభై దాటిన కొన్నాళ్లకు, ఓ టీకాల రోజున నేనూ ఆమె వెంట వెళ్లాను. ఒక తల్లి పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అత్త మందు సీసాను వెలుతురుకు పట్టి, దగ్గరికీ దూరానికీ జరిపి చూసి, మళ్లీ డబ్బాలో పెట్టేసింది.

"బిడ్డా, దీని మీద తేదీ నాకు కనిపిస్తలేదు. పిల్లకు సూది నేనియ్య."

"మా పెద్దోనికి నువ్వే ఇస్తివి గద నర్సమ్మా! నీకు తెల్వదా?"

"గప్పుడు కనిపించింది, ఇచ్చిన. జర కూసో, పక్కూరి నర్సును పిలిపిస్త."

ఆ నర్సు వచ్చి సూది వేసింది. పాప ఏడుపు మానేదాకా అత్తే ఎత్తుకు తిప్పింది. తిరిగొస్తుంటే, "కండ్లే పోతే నేనేం జేస్తరా అల్లుడా?" అంది. ఆమె భయపడటం నేను చూడటం అదే మొదటిసారి.

నాగర్‌కర్నూల్‌లో కంటి డాక్టరు మోతిబిందు, అంటే కంట్లో శుక్లం, అని తేల్చాడు. "వయసుతోని వచ్చేదే. నీకు జర ముందుగాల్నే వచ్చింది."

"నా దురదకూ దీనికీ ఏమన్న సంబంధం ఉన్నదా సారూ?"

"ఉండొచ్చు. పడనిది తగిలితే ఒళ్లు దాంతోని కొట్లాడతది. గా కొట్లాట ఏండ్లకేండ్లు నడిస్తే కంట్లో మంట ఆరదు. లోపలి కటకం చెడేటందుకు అదీ ఒక కారణమేమోనని చూస్తున్నరు. ఇంకా ఖాయంగ తెల్వదు. కానీ నువ్వు డాక్టర్ను అడగకుండ ఏసుకున్న ఈ చుక్కలున్నయి చూడు, గీ స్టెరాయిడ్ మందు ఏండ్లకేండ్లు ఏస్తే మోతిబిందు వస్తదని మాత్రం తెలుసు."

బయటికొచ్చాక అత్త, "ఊరందరికీ జెప్పేదాన్ని, నేనే గిట్ల జేసుకుంటి" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. తుడుచుకోబోయి, డాక్టరు నలపొద్దన్నాడని చేయి దించేసింది.

ఎరుపు తగ్గితే గానీ ఆపరేషన్ చేయనన్నాడాయన. ఆ వానాకాలమంతా అత్త డాక్టరు రాసిన మందే వాడింది. దురద పుట్టినప్పుడు చల్లటి తడిగుడ్డ కప్పుకుని కూర్చునేది. చలికాలంలో ఆపరేషన్ అయింది. కట్టు విప్పగానే నా ముఖంలోకి చూసి, "ఏందిరా, నీ గడ్డంల తెల్లెంటిక!" అంది. ఇద్దరం నవ్వాం. ఆమె నవ్వు ఆగి ఏడుపైంది.

మళ్లీ డ్యూటీకెక్కింది. బడిలో ఏ పిల్లాడు కళ్లు నలుపుకున్నా చేయి పట్టుకునేది. "నలుపకు నాయినా, నీళ్లతోని కడుక్కో. మీ అమ్మకు జెప్పు, దవాఖానల సూపించకుండ చుక్కలు ఎయ్యొద్దని." తను పడ్డ కష్టం దాచుకోకుండా చెప్పేది. ఆ తల్లుల్లో కొందరు మొన్న ఆమెను సాగనంపడానికి వచ్చారు.

నేను ఆమెను చివరిసారి చూసింది నాగర్‌కర్నూల్ బస్టాండులో. పక్కన ఓ ముసలామె మూటతో కూర్చుని ఉంది. "ఇది అచ్చంపేట బస్సు, నీది కాదు, కూసో" అని అత్త చెబుతోంది. కాసేపటికి ముసలామె తన బస్సెక్కి వెళ్లిపోయింది. ఇక అడిగేవారెవరూ లేరు. అయినా అత్త మలుపు తిరిగి వస్తున్న ఒక్కో బస్సు బోర్డునూ, అది దగ్గరికి రాకముందే, పైకి చదువుతూనే ఉంది.