పూజకు పెట్టని స్పానరు

కెలమంగలం సంతలో రేణు జీపు ఆగితే జనం మొదట చూసేది బానెట్టును. పోయిన దసరాకు దాని మీద ఒక టైరు దండలాగా వేలాడింది. ఆ రోజునుంచి ఆమె టైరుదండ రేణు. కొండ ఊర్లనుంచి హోసూరుకు రోజాపూలు చేరవేసే మనిషి. పూలమూటలు దించే కూలీలు కూడా నోరుజారి "దండక్కా" అనేసి నాలిక కరుచుకుంటారు.

రేణు వాళ్లది గొర్రెలోళ్ల ఇల్లు. తండ్రి శివప్ప మందను అమ్మి ఈ పాత జీపు కొన్నాడు. కొన్న కొన్నాళ్లకే ఆయన పోయినాడు. బండి మిగిలింది, తల్లి మారెమ్మ మిగిలింది, తండ్రి చెప్పిన మాటొకటి మిగిలింది: పగను గొర్రెపిల్లను సాకినట్టు సాకాల, ఒకపూట మేత మర్చిపోతే చచ్చిపోతుంది.

ఆ దండ కథ ఇది. కృష్ణగిరి దారిలో రాయి తవ్వి వదిలేసిన గుంటొకటి ఉంది. విజయదశమి పొద్దున చుట్టుపక్కల జీపులోళ్లంతా అక్కడ చేరి బురదలో, బండరాళ్ల మీద పందెం వేసుకుంటారు. పందెంలో ఒక కట్టుబాటు ఉంది, అది జీపులకన్నా పాతది. బురదలో దిగబడిన ఎద్దును ఎవరైనా లాగొచ్చు, కాని ఎద్దుగల మనిషి నోరు తెరిచి "తాడెయ్యప్పా" అనాలి. అనకముందే తాడు వేస్తే, నీకు చేతగాదని నలుగురిలో చాటినట్టే. తాడు తగిలిన బండి పందెంలోనుంచి పోయినట్టే.

పోయిన సంవత్సరం రేణు బురదలో పట్టుకోసం టైర్లలో గాలి బాగా తీసేసింది. స్టీరింగు తిప్పేసరికి ముందు టైరు రిమ్మునుంచి జారి ఊడిపోయింది. కొయ్యదుంగతో బండిని ఎత్తిపెట్టి ఎక్కించుకుంటూ ఉంది, పొద్దు కూడా ఉంది. ఇంతలో ధనశేఖర్ వచ్చినాడు. మత్తిగిరిలో మేడ, రాళ్ల వ్యాపారం, ప్రతి ఏడూ పందెం ఆయనదే. "ఆడకూతురు, పాపం" అని నవ్వుతూ, అడగకుండానే కొక్కెం తగిలించి బండిని వెనక్కి ఈడ్చినాడు. ఊడిన టైరును బానెట్టు మీద తగిలించి కెలమంగలం సంత నడుమగా రేణు ఇంటిదాకా లాక్కొచ్చినాడు. పోతూ పోతూ అన్నాడు: "తాడు ఉంచుకోమ్మా. మళ్లీ పనికొస్తాది."

ఆమె ఆ తాడును వంటింటి గుమ్మం పక్కన మేకుకు తగిలించింది. పొద్దున పొయ్యి వెలిగించేటప్పుడు ఒకసారి దాన్ని చూసేది. అదే మేత.

ఆమెకు కావలసింది గెలుపు కాదు. ఆయన నోట, పదిమందిలో, "తాడెయ్యమ్మా" అనే మాట.

చక్రాన్ని చక్రంగా నిలబెట్టడానికి మనిషి పడిన తిప్పలు రాస్తే పెద్ద పురాణమవుతుంది. బండిచక్రానికి ఇనప పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి నీళ్లు పోసేవాళ్లు. చల్లారి బిగుసుకుని కొయ్యను పట్టుకునేది. ఎండాకాలం కొయ్య ఎండిపోయి పట్టా వదులైతే చక్రాన్ని వాగులో నానబెట్టేవాళ్లు. తరవాత రబ్బరు వచ్చింది, పట్టుకునే పని గాలికి అప్పజెప్పినారు. గాలిని నమ్మితే ఏమవుతుందో రేణుకు తెలిసొచ్చింది.

మూకండపల్లిలో గురుమూర్తి చక్రాల షెడ్డు. అక్కడికి పోయి అడిగింది. "గాలి ఎంత తీసినా టైరు రిమ్మును వదలకూడదన్నా."

"దానికి టైరు అంచును బిగబట్టే బీడ్‌లాక్ ఏసుకోవాల" అంటూ ఆయన మెరిసిపోయే చక్రం ఒకటి ముందుకు దొర్లించినాడు. చుట్టూ బోల్టులు.

రేణు బోల్టు వెనక వేలు పెట్టి చూసింది. "ఇవి దేన్ని పట్టుకుంటాయన్నా?"

"చూసేవాళ్ల కండ్లను. ఉత్త సోకు."

"ఇంకొకటి చూపించు."

రెండో రకానికి బయట ఏమీ లేదు. టైరు లోపల ఇంకొక గట్టి ట్యూబు ఉండి, టైరు అంచును రిమ్ముకు అదిమి పెడుతుంది.

"అది చెడిపోతే బయటికి తెలుస్తాదా?"

"తెలీదు."

"వద్దు. లోపల ఒకటి పెట్టుకునే మనుషులతోనే పడలేక ఉండాను."

గురుమూర్తి నవ్వి మూడోది తీసినాడు. టైరు అంచును రిమ్ముకూ ఒక ఇనప వలయానికీ నడుమ ఇరికించి, చుట్టూ బోల్టులు బిగించేస్తారు. ఇక గాలి ఉన్నా లేకున్నా అంచు కదలదు. ఇందులోనూ అల్యూమినియంది తేలిక, ఉక్కుది బరువు.

"రాయికి కొట్టుకుంటే?"

"అది పగలొచ్చు. ఇది సొట్టపోతాది."

"సొట్టయితే సుత్తి ఉండాది. ఉక్కుదే ఇయ్యి."

"స్టీరింగు తిప్పేకి రెక్కలు నొస్తాయి."

"నొప్పి నాకు కొత్తదా అన్నా?"

గురుమూర్తి రెండు మాటలు గట్టిగా చెప్పినాడు. పూలమూటలేసుకుని హైవేలో పోయేకి పాత చక్రాలే వాడాలి. కొత్తవి బిగించి కొంచెం దూరం పోయినాక బోల్టులన్నీ మళ్లీ బిగించాలి. రబ్బరు అణిగితే బోల్టు వదులైపోతుంది, ఇరికించిన అంచు జారిపోతుంది. దానికి వేరే స్పానరు ఉంది, సరైన బిగువు రాగానే టిక్కుమంటుంది. షెడ్డులో ఉన్న రెండింటిలో ఒకటి ఆమెకు అరువిచ్చినాడు.

ఆయుధపూజ ముందురోజు ఆయనే ఫోను చేసినాడు. "ధనశేఖర్ వచ్చి పోయినాడమ్మా. రేణు ఏది కొనింది అని అడిగి అదే ఏసుకున్నాడు. రేపు మళ్లీ వచ్చి బిగించుకో అంటే, పూజ చేసిన బోల్టుకు స్పానరు పెట్టకూడదంట."

ఫోను పెట్టేసినాక రేణు మేకునుంచి తాడు తీసి జీపులో వేసుకుంది.

హోసూరులో ఆయుధపూజ అంటే మాటలు కాదు. ఫ్యాక్టరీ యంత్రంనుంచి ఇంట్లో కత్తిపీటదాకా ఇనుమన్నదంతా విభూతి, కుంకుమ పూసుకుని కూర్చుంటుంది. మర్నాడు హారతిచ్చి కదిలించేదాకా దాంతో పని చెయ్యకూడదు. పందేనికి పోయే బండ్లకు మాత్రం తెల్లారకముందే హారతిస్తారు, పనిముట్లకు బండి తిరిగొచ్చినాకే. మారెమ్మ కొడవలి పెట్టింది, గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెర పెట్టింది, జాకీ పెట్టింది.

"ఇంకేమన్నా ఉండాదా?"

"అంతేమ్మా" అంది రేణు. టిక్కుమనే స్పానరు తువ్వాలలో చుట్టుకుని జీపు సీటు కింద ఉంది.

విజయదశమి పొద్దున గుంటకు చేరేముందు, మలుపులో బండి ఆపి బోల్టులన్నీ ఎదురెదురుగా బిగించుకుంది. ప్రతి టిక్కుకూ ఆమె పెదవి కొంచెం కదిలింది.

ధనశేఖర్ బండి పెండ్లికొడుకులా వచ్చింది. ప్రతి బోల్టుకూ కుంకుమ, బానెట్టుకు బంతిపూల దండ. దిగి చక్రం తడిమి, ఒక బోల్టును వేళ్లతోనే తిప్పి చూసినాడు. తిరిగింది. ఆయన మొహం మారింది. చుట్టూ అడిగినాడు, ఎవరి పనిముట్లు వాళ్ల ఇండ్లలో పూజలో ఉన్నాయి. చివరికి ఆమె దగ్గరికే వచ్చినాడు.

"రేణూ, గురుమూర్తి స్పానరు నీకాడ ఉందంట కదా?"

ఆమె సీటు మీదనుంచి కదలలేదు. "పూజలో ఉండాదన్నా. ఇంకా హారతి కాలేదు. ఇనుముకు పని చెప్పకూడదు కదా ఈపొద్దు?"

అబద్ధమని ఆయనకు తోచలేదు. ఆయనైతే అట్లే చేసేవాడు. "అదీ నిజమే. సామి చూసుకుంటాడులే" అని వెళ్లిపోయినాడు.

రేణు ముందు దిగింది. టైర్లలో గాలి దాదాపు లేదు. అవి అరటిబోదెల్లా మెత్తగా ఒత్తుకుంటూ బురదను, బండలను దాటినాయి. అవతలి గట్టున బండి తిప్పి నిలబెట్టి ఇంజను ఆపింది. తాడు ఒళ్లో పెట్టుకుని బానెట్టు మీద కూర్చుంది.

ధనశేఖర్ కూడా ఆమెను చూసి అంతే గాలి తీసి దిగినాడు. బండరాయి అంచు దగ్గర స్టీరింగు తిప్పేసరికి వలయం పక్కనుంచి బుస్సుమంది. ముందు చక్రం చదునై, బండి మూతి బురదలో గుచ్చుకుంది. ముందుకు, వెనక్కి ఊపినాడు. ఇంకా దిగింది. సందు ఇరుకు, తాడు అందేది ఆ గట్టునుంచే, ఆ గట్టు మీద ఉన్నది ఆమె ఒక్కతే.

"ఏమ్మా, చూస్తా కూర్చున్నావే?"

"ఏం చెయ్యమంటావన్నా?"

"తెలీదా నీకు?"

"అడగందే వెయ్యకూడదు కదా. నీకు తెలీకపోయినా నాకు తెలుసు."

పైన జనంలో ఎవరో నవ్వినారు. ఆయన పలుగు అడిగినాడు, అదీ పూజలోనే ఉంది. చేతులతో బురద తోడినాడు. ఎండ ఎక్కింది. చివరికి తల ఎత్తకుండా అన్నాడు. "తాడెయ్యి."

"ఇంజను సద్దులో వినపళ్లేదన్నా."

ఆమె ఇంజను ఎప్పుడో ఆపింది. ఆయనదీ ఆగిపోయి ఉంది. ఆ సంగతి గుంట చుట్టూ ఉన్నవాళ్లందరికీ తెలుసు.

"తాడెయ్యమ్మా రేణూ" అని గట్టిగా అన్నాడు ధనశేఖర్.

అప్పుడు విసిరింది. "నీదే అన్నా. మళ్లీ పనికొస్తాదని ఉంచుకోమన్నావే."

మత్తిగిరికి దగ్గర దారి ఉంది. ఆమె కెలమంగలం సంత మీదుగా ఈడ్చుకుపోయింది. టైరు తగిలించే పని పెట్టుకోలేదు. ఆయన బానెట్టుకు ముందే దండ ఉంది. తాడు ఆయన బండికే వదిలేసి వచ్చింది.

ఇంటికొచ్చేసరికి మారెమ్మ హారతి పళ్లెంతో ఎదురుచూస్తూ ఉంది. రేణు తువ్వాల విప్పి, స్పానరును కొడవలి పక్కన పెట్టింది.

"ఇది యాడుండె?"

"పని మీద పోయినింది."

"సామికాడ కూడా దాచినావా?"

"ఆయన అడగలేదు కదమ్మా" అంటూ కుంకుమ భరిణె అందుకుంది రేణు.