ఏం కావాలని అడగని ఇల్లు

మా ముత్తాత పది ఊళ్ళకు దేశ్‌ముఖ్. తాత కచేరీలో కూర్చుంటే ఎదుట కుర్చీ వేయించుకున్నవాడు లేడు. ఆ ఇంటికి ఆఖరి పెద్ద మా నాన్న; బాపు అనేవాళ్ళం. పంతొమ్మిది వందల తొంభైలలో, తార్నాకలో మూడు గదుల అద్దె ఇంట్లో, పాదం కుళ్ళి మంచం పట్టారు.

షుగరు. కాలు మోకాలి పైదాకా తీసేయాలని సర్జన్ అన్నారు. తీయకుండా గడుస్తుందేమో తెలుసుకోవాలనుకున్నాను. మెడిసిన్ పీజీ చదువుతున్న మా అక్క కూతురు నన్ను క్యాంపస్ లైబ్రరీకి తీసుకెళ్ళింది. అక్కడ వైద్య పత్రికలను వెతికే కంప్యూటర్ ఉంది. దాని కోసం వరుసలో నిలబడటం నాకు అలవాటు లేదు. నిలబడ్డాను. ఆమె మాత్రం ముందు తెల్ల కాగితం తీసింది.

"షుగరు, కాలు అని కొడితే రాదా?" అన్నాను.

"మస్తు వస్తయి మామా. అన్నీ చదివేసరికి నాకు రిటైర్‌మెంట్ అయితది. ముందు ప్రశ్న సక్కగ రాయాలె. ఎవరికి, ఏం చేస్తే, చేయకుంటే ఏంది, ఆఖరికి ఏం కావాలె."

మొదటి మూడూ చెప్పాను. నాలుగోదాని దగ్గర పెన్ను ఆగింది.

"తాతకు ఏం కావాలె?"

"బతకాలి. ఇంకేముంటుంది?"

"అది నీకు కావాల్సింది. తాతను అడిగినవా?"

అడగలేదు. మా ఇంట్లో పెద్దను ఏం కావాలని అడగరు. దాహమనకముందే నీళ్ళు చేతికందాలి. అడిగామంటే కనిపెట్టుకుని లేమని అర్థం. నౌకర్లు పోయినా ఆ పద్ధతి పోలేదు. అమ్మ బతికినన్నాళ్ళూ ఆయన మొహం చూసే వంట చేసింది.

ఆ సాయంత్రం ఆ పిల్లే మంచం పక్కన కూర్చుని అడిగింది.

"ఏందే, కాగితం పట్టుకొచ్చినవ్. వాంగ్మూలం తీసుకుంటవా?" అన్నారు బాపు. ఆమె పెన్ను మూత తీశాక చెప్పారు. "ఒకల చేతుల మీద లేవొద్దు. బాత్రూంకు నా అంతట నేను పోవాలె. ఎన్ని దినాలైతే అన్ని దినాలు."

మర్నాడు వెతికింది వేరే ప్రశ్న. ఈ వయసులో కాలు తీసినవాళ్ళు మళ్ళీ తమంతట తాము నడిచారా? తీయించుకోనివాళ్ళు ఎలా గడిపారు? దొరికినవి కొద్ది.

"తీస్తే నడిచేది కష్టం మామా. తీయకుంటే బతికేది కష్టం," అంది. రెండూ బాపుకు దాచకుండా చెప్పింది. ఆయన కాలు ఉంచమన్నారు.

వానాకాలం చివరిదాకా గోడ పట్టుకుని నడిచారు. నేను వెనక నిలబడేవాణ్ణి, చేయి అందించకుండా. చనిపోయిన రోజు ఉదయం కూడా బాత్రూంకు తానే వెళ్ళొచ్చారు.

ఆసుపత్రికీ మందులకూ లాలాపేట్‌లోని ప్లాటు అమ్మాం. మా వంశం పేరున మిగిలిన నేల అదొక్కటే.