ఎస్తేరుకు ఎత్తని బంతి

2014లో నేను తిరుపతిలో ఒక క్రీడా హాస్టల్లో వాలీబాల్ కోచ్‌ని. మా మైదానంలో ఒక ఆనవాయితీ ఉండేది. సాయంత్రం ప్రాక్టీసు ముగిశాక నేను నెట్ దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ ఒక బంతి ఎత్తేవాణ్ణి. దాన్ని ఎగిరి కొట్టాకే గదులకు వెళ్లాలి. రోజంతా తిట్లు తిన్న పిల్లలు కూడా ఆ ఒక్క దెబ్బతో నవ్వుకుంటూ వెళ్లేవాళ్లు.

సత్యవేడు నుంచి వచ్చిన ఎస్తేరు దెబ్బ శబ్దమే వేరు. కళ్లు మూసుకున్నా గుర్తుపట్టేవాణ్ణి. కానీ పొడవు చాలదు. పెద్ద పోటీల్లో నెట్ అవతల లేచే చేతులను ఆమె దాటలేదు. అందుకని లిబెరోగా మార్చాను. లిబెరో అంటే వెనక వరసలో ఉండి, ఎదుటివాళ్లు కొట్టిన బంతిని నేల తాకకుండా లేపే క్రీడాకారిణి. చొక్కా రంగు కూడా వేరు. నెట్‌కన్నా ఎత్తులో ఉన్న బంతిని కొట్టడానికి వీల్లేదు.

నా దగ్గర నేర్చుకున్నవాళ్లెవరూ అప్పటికి భారత జట్టు చొక్కా వేసుకోలేదు. ఆమె పొడవుకన్నా, ఒక్కరైనా వేసుకోవాలన్న ఆశే నన్ను ఎక్కువ తొందరపెట్టింది. ఒక్క ఏడాది చూద్దాం, నచ్చకపోతే మళ్లీ కొట్టుదువుగాని అని మాటిచ్చాను. నిలబెట్టుకునే ఉద్దేశం నాకు లేదు.

మర్నాటి నుంచి ఆమెకు చివరి బంతి ఎత్తడం కూడా ఆపేశాను.

"ఒక్కటి కొట్టిపోతాను సార్. ఎవురూ సూడరు."

"కొట్టే అలవాటే చేతుల్లోంచి పోవాల పాపా. పో, బంతులు ఏరు."

మిగతావాళ్లు కొట్టిన బంతులను ఆమె బుట్టలోకి ఏరేది. ఒకసారి వాళ్ల నాయన ఆట చూడ్డానికి వచ్చి, "మా పాప కొట్టేది యాడ సార్? ఊర్లో అందరికీ సెప్పొచ్చినానే" అన్నాడు. ఇండియాకు ఆడుతుంది, అప్పుడు చూడప్పా అన్నాను.

ఆడింది. థాయ్‌లాండ్‌లో, కజకిస్తాన్‌లో, ఇంకా ఎన్నో చోట్ల. నేను ఫోనులో చూసేవాణ్ణి. తను లేపిన బంతిని ఇంకెవరో ఎగిరి కొడుతుంటే, కింద నుంచి ఆ చేతులనే చూస్తూ ఉండిపోయేది. ఏడాది మాట ఆమె ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పోయినేడు జట్టు నుంచి తప్పుకుంది. రేణిగుంటలో విమానం దిగి నేరుగా మైదానానికి వచ్చింది. పిల్లలు చివరి బంతి కోసం వరసలో ఉన్నారు. బ్యాగు కింద పెట్టి, వాళ్ల వెనక నిలబడింది. ఆమె వంతు వచ్చింది. నాకు చేతనైనంత చక్కగా ఎత్తాను.

రెండడుగులు పరుగెత్తింది. ఎగరలేదు. మోకాళ్లు వంగాయి, చేతులు రెండూ వాటంతటవే కలిశాయి, బంతి మెత్తగా తిరిగి నా అరచేతుల్లోనే పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆమె తన ముంజేతుల వైపు చూసుకుంది. "పోయింది సార్ అలవాటు. మీరు సెప్పినట్టే."

ఎవరు ఎక్కడ ఆడాలో చెప్పడం కోచ్ పని. ఆ సాయంత్రపు బంతి మీద మాత్రం నాకు ఏ హక్కూ లేదని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఇప్పుడు లిబెరోలకు కూడా ఎత్తుతున్నాను. ఎస్తేరు ఏర్పేడులో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు వస్తుంది. ఆమెకూ ఎత్తుతాను. ఎగురుతుంది, చాలాసార్లు బంతి నెట్‌కే తగులుతుంది. ఆ పాత శబ్దం కోసం ఇద్దరం చెవులొగ్గి ఉంటాం.